టెక్సాస్‌కి వేటకెళ్తే సూట్‌కేసులో ఏం పెట్టాలి, ఏం తీసెయ్యాలి

నేను వేటకి వెళ్లొచ్చానని తెలిసిన దగ్గర్నుంచి ఎంవీపీ కాలనీలో పొద్దున్నే వాకింగ్‌కి వచ్చేవాళ్లందరూ అడిగే మొదటి ప్రశ్న ఒకటే, విమానంలో తుపాకీ ఎలా తీసుకెళ్లావు అని. తీసుకెళ్లలేదు. తుపాకీ మా బావది, తూటాలు బావవి, కత్తి కూడా బావదే. నేను ఇక్కడి నుంచి మోసుకెళ్లింది బట్టలు, బూట్లు, బైనాక్యులర్స్, అమ్మ చేసిన అరిసెలు. అయినా సర్దుకోవడానికి మూడు వారాలు పట్టింది, తిరిగొచ్చే ముందు రాత్రి మాత్రం వేలెడంత కూడా లేని ఒక తూటా వల్ల నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఇది రాయడానికి కారణం అదే. మన విశాఖ నుంచి పిల్లల దగ్గరికో అక్కచెల్లెళ్ల దగ్గరికో అమెరికా వెళ్లేవాళ్లు ఇప్పుడు వీధికి నలుగురున్నారు, అక్కడికి వెళ్లాక ఎవరో ఒకరు "రాంచ్‌కి వెళ్దాం పద" అంటారు, రాంచ్ అంటే పశువులు మేపే పెద్ద పొలం, అప్పుడు ఈ సంగతులు తెలిసి ఉండాలి.

ముందు ఒక మాట చెప్పాలి. మన దేశంలో 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట నేరం. ఆ చట్టం ఉండాలనే నేను గట్టిగా నమ్ముతాను. మా తాతగారి తరంలో ఏజెన్సీ అడవుల్లో తుపాకీ భుజాన వేసుకుని తిరిగినవాళ్ల కథలు వింటూ పెరిగాను, ఆ కథల్లోని జంతువులు సగం ఇప్పుడు ఆ కొండల్లో కనపడవు. టెక్సాస్‌లో పరిస్థితి వేరు. అక్కడ అడవి పందులు రాత్రికి రాత్రి చేను మొత్తం నాగలి పెట్టి దున్నినట్టు తవ్వేస్తాయి, రైతులే పిలిచి మరీ కొట్టించుకుంటారు. ఇంకో విచిత్రం ఏమిటంటే, మన జంతువులు అక్కడ ఉన్నాయి. మనుబోతుల్ని సుమారు వందేళ్ల కిందట కింగ్ రాంచ్ వాళ్లు తెచ్చి వదిలితే ఇప్పుడు దక్షిణ టెక్సాస్‌లో మందలు మందలుగా తిరుగుతున్నాయి. చుక్కల దుప్పులున్నాయి, కృష్ణజింకలూ ఉన్నాయి. కృష్ణజింక మన రాష్ట్ర జంతువు. దాన్ని కొట్టడానికి అక్కడ చట్టం ఒప్పుకున్నా నా చెయ్యి ఒప్పుకోదని బావకి ఫోన్‌లోనే చెప్పేశాను, ఆయన "సరేరా, పందులకే వెళ్దాం" అన్నారు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన విషయం. అమెరికాలో తుపాకీ ఎవరైనా పట్టుకోవచ్చని మనవాళ్లు అనుకుంటారు. తప్పు. అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం విజిటర్ వీసా, ఎఫ్-1, హెచ్-1బి లాంటి నాన్ ఇమ్మిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదు. దీనికి కొన్ని మినహాయింపులున్నాయి, వాటిలో మనలాంటివాళ్లకి పనికొచ్చేది ఒకటే: అమెరికాలో ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్. షూటింగ్ రేంజ్‌లో అద్దె తుపాకీ పది నిమిషాలు పట్టుకున్నా అది పట్టుకోవడమే. మన పిల్లలు వారాంతంలో రేంజ్‌కి వెళ్లి తుపాకీతో ఫొటోలు దిగి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టడం చూస్తుంటే నాకు భయంగా ఉంటుంది, వాళ్ల తల్లిదండ్రులు ఇక్కడ ఎన్ని అప్పులు చేసి పంపారో నాకు తెలుసు. ఒక్క లైసెన్స్ కాగితం చేతిలో ఉంటే ఆ భయం ఉండదు, అది తీసుకోకుండా వెళ్లకండి.

నేను హ్యూస్టన్‌లో దిగిన రెండో రోజే స్పోర్ట్స్ సామాన్ల షాపుకి వెళ్లి పాస్‌పోర్ట్ చూపించి లైసెన్స్ తీసుకున్నాను. బయటి రాష్ట్రాలవాళ్లకి, విదేశీయులకి ఐదు రోజుల లైసెన్స్ ఒకటుంది, 48 డాలర్లు. దాని మీద అడవి పందులు, మనుబోతులు లాంటివి కొట్టొచ్చు, అక్కడి తెల్లతోక జింకని మాత్రం కొట్టకూడదు, దానికి పూర్తి లైసెన్స్ కావాలి, అది 315 డాలర్లు. ప్రైవేటు భూమిలో, భూమి యజమాని ఒప్పుకుంటే, అడవి పందులకి 2019 సెప్టెంబర్ నుంచి లైసెన్సే అక్కర్లేదు. బావ కూడా అదే అన్నారు, "పందులకి లైసెన్స్ దేనికిరా" అని. "పంది కోసం కాదు బావా, నా వీసా కోసం" అన్నాను. 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా పాసవ్వాలి. టైం లేనివాళ్లు, 17 ఏళ్లు నిండితే, 10 డాలర్లు కట్టి ఒక్కసారికి వాయిదా తీసుకోవచ్చు, కానీ అప్పుడు ఆ కోర్సు చేసిన లైసెన్స్‌దారుడు ఒకరు మన పక్కన ఉండాలి, మామూలు గొంతుతో చెప్తే వినపడేంత దగ్గర్లో. బావ మూడు రోజులూ నా మోచేతికి ఆనుకునే కూర్చున్నారు.

ఇక సర్దుడు. ప్రయాణం సంక్రాంతి తర్వాత. కనుమ నాడు కాకైనా కదలదంటారు కదా, అమ్మ ఆ రోజు గడప దాటనివ్వనంది, ముక్కనుమ నాడు బయల్దేరాను. హైదరాబాద్ నుంచి దుబాయ్, దుబాయ్ నుంచి హ్యూస్టన్ ఒకే టికెట్, దాని మీద 23 కిలోల బ్యాగులు రెండు. విశాఖ నుంచి హైదరాబాద్‌కి విడిగా ఫ్లైట్ బుక్ చేస్తే దేశీయ విమానంలో చెకిన్ లగేజీ 15 కిలోలే, పైన ప్రతి కిలోకీ డబ్బు కట్టాలి. మనూరి నుంచి వెళ్లేవాళ్లు మాటిమాటికీ ఇరుక్కునేది ఇక్కడే. టికెట్ మొత్తం ఒకే పీఎన్ఆర్ మీద దొరికితే మొదటి విమానం నుంచి చివరిదాకా ఒకే లెక్క నడుస్తుంది, విడివిడిగా కొంటే ఎక్కడి లెక్క అక్కడే. నేను గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. సాయంత్రం ఇక్కడ ఎక్కితే తెల్లారేసరికి సికింద్రాబాద్, అక్కడి నుంచి శంషాబాద్‌కి బస్సు. బ్యాగులు తూచడానికి కొక్కెం ఉన్న చేతి త్రాసు ఒకటి పూర్ణా మార్కెట్‌లో కొన్నాను, అది నాతోపాటు అమెరికా కూడా వచ్చింది, వచ్చేటప్పుడు దాని అవసరం ఇంకా ఎక్కువ పడింది.

బట్టల గురించి ఒక్కటే చెప్తాను. విశాఖలో చలి బట్టలంటే లంబసింగి వెళ్లినప్పుడు కొన్న స్వెట్టర్లే, అవి సరిపోతాయి. దక్షిణ టెక్సాస్‌లో జనవరి తెల్లవారుజాము మన లంబసింగి లాగే ఉంటుంది, మధ్యాహ్నానికి ఎండ కాస్తుంది. ఒక్క మందపాటి కోటు కంటే పల్చటివి మూడు ఒకదానిమీద ఒకటి వేసుకుని, ఎండెక్కే కొద్దీ విప్పుకోవడం మేలు. ఒంటిని అంటుకునే బనియన్ మాత్రం కాటన్ వద్దు, చెమట పట్టాక అది ఆరదు, కదలకుండా కూర్చుంటే వీపు గడ్డకడుతుంది. ఆకుల డిజైన్ మిలిటరీ బట్టలు ఇక్కడి నుంచి తీసుకెళ్లకండి, ఒంటి మీద వేసుకుని విమానం అసలే ఎక్కకండి. మన విశాఖ ఎయిర్‌పోర్టు రన్‌వే నేవీది, ఐఎన్ఎస్ డేగా. అలాంటి చోట సైనికుల బట్టల్లా కనిపించేవి వేసుకుని నిలబడితే ప్రశ్నలు రాకుండా ఉండవు. పైగా జమైకా, బార్బడోస్, జింబాబ్వే, జాంబియా లాంటి దేశాల్లో మామూలు జనం ఆ బట్టలు వేసుకోవడమే నేరం, ఆఫ్రికా వేటలకి వెళ్లేవాళ్లు ఇది బాగా గుర్తుపెట్టుకోవాలి. బూడిదరంగు, ముదురు ఆకుపచ్చ మామూలు చొక్కాలు చాలు. కాషాయం లాగా మెరిసే నారింజ రంగు జాకెట్ బావ ఇచ్చారు, ప్రైవేటు భూమిలో అది తప్పనిసరి కాకపోయినా ఆయన వేసుకోనివాణ్ని బండి ఎక్కించుకోరు.

బూట్ల దగ్గర మాత్రం నేను చాలా సేపు ఆగాను. నా బూట్లు ఊళ్లో పశువుల సాలలో తిరిగినవి. మన దేశంలో పశువులకి గాలికుంటు వ్యాధి ఉంది, అమెరికాలో 1929 తర్వాత ఆ జబ్బు లేదు, మళ్లీ రాకుండా వాళ్లు ప్రాణం పెట్టి కాపాడుకుంటున్నారు. వేటకెళ్లేది పశువులు మేసే రాంచ్‌లోకి. మన బూటు అడుగున ఎండిపోయిన చిన్న మట్టిబెడ్డ వాళ్ల మందలకి ఏం తెచ్చిపెడుతుందో ఊహించండి. డాబా మీద బకెట్ పెట్టుకుని, పాత టూత్‌బ్రష్‌తో అడుగున గాడి గాడికీ తోమి, బ్లీచింగ్ నీళ్లతో కడిగి రెండు రోజులు ఎండబెట్టాను. గాడిలో ఇరుక్కున్న గడ్డిపరకలు పిన్నీసుతో తీశాను. హ్యూస్టన్‌లో ఆఫీసర్ అడిగినప్పుడు నేనే చెప్పాను, ఇండియాలో పశువుల దగ్గర తిరిగిన బూట్లు బ్యాగులో ఉన్నాయి, కడిగి తెచ్చాను అని. ఆయన బ్యాగు తెరిపించి, బూట్లు తిప్పి చూసి, "గుడ్" అని మూసెయ్యమన్నారు. వేటకొచ్చావా అంటే అవునన్నాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాక ఇంకో ప్రశ్న రాలేదు.

తిండి సంగతి త్వరగా చెప్పేస్తాను, ఇది చాలామందికి తెలిసిందే. మటన్ పచ్చడి, చికెన్ పచ్చడి, ఏ మాంసమైనా వద్దు. పచ్చి కరివేపాకు వద్దు, నిమ్మ, నారింజ తోటల్ని పాడుచేసే పురుగు దాని మీద వస్తుందని వాళ్ల భయం. ఆవకాయ, అరిసెలు, కందిపొడి పర్వాలేదు, కానీ తిండి ఉందని చెప్పి తీరాలి, దాచితే జరిమానా 10,000 డాలర్ల దాకా ఉండొచ్చు. ఇంకోటి, దుబాయ్ మీదుగా వెళ్లేవాళ్లు గసగసాలు అసలు ముట్టుకోవద్దు. మనకి అవి కూర మసాలా, వాళ్లకి మత్తుమందు చట్టం కిందికి వస్తాయి. అమ్మ కట్టిన మసాలా పొడిలో గసగసాలున్నాయని రైలుకి గంట ముందు తెలిసి, ఆ డబ్బా ఇంట్లోనే వదిలేశాను.

బ్యాటరీల లెక్క వేటకెళ్లేవాళ్లకి ఎక్కువ పనికొస్తుంది, ఎందుకంటే తలకి కట్టుకునే లైటు, కెమెరా, చేతులు వెచ్చబెట్టుకునే మిషన్, అన్నీ బ్యాటరీలవే. విడి లిథియం బ్యాటరీలు, పవర్ బ్యాంకులు హ్యాండ్ బ్యాగులోనే ఉండాలి, చెకిన్‌లో పెట్టకూడదు. సామాన్ల అరలో మంట లేస్తే చూసేవాళ్లుండరు, క్యాబిన్‌లో అయితే ఆర్పే మనిషి ఉంటాడు, నిబంధనకి కారణం అదే. బ్యాటరీలో పట్టే కరెంటుని వాట్ అవర్లలో కొలుస్తారు, అది 100 లోపు ఉండాలి. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ అంటే సుమారు 74 వాట్ అవర్, ఇబ్బంది లేదు, కానీ ఆ అంకె దాని మీద ముద్రించి కనపడాలి, చెరిగిపోయిన పాతది తీసుకెళ్తే ఆపొచ్చు. ఎమిరేట్స్ విమానాల్లో 2025 అక్టోబర్ 1 నుంచి ఒక్క పవర్ బ్యాంకే, అది కూడా విమానంలో వాడకూడదు. నేను ప్రతి బ్యాటరీ మొనకీ ఇన్సులేషన్ టేప్ అంటించి చిన్న చిన్న జిప్ కవర్లలో పెట్టాను. బైనాక్యులర్స్ హ్యాండ్ బ్యాగులోనే పెట్టాను, ఎవరూ ఏమనలేదు. కత్తి, చిన్న చాకు, ఏడెనిమిది పనుల పట్టకారు లాంటివి చెకిన్‌లో, పదునుకి తొడుగు వేసి. ఎలుగుబంట్ల మీద కొట్టే కారం స్ప్రే ఎందులోనూ వద్దు.

నిజంగా తుపాకీతో ప్రయాణం చేసేవాళ్లని కూడా దగ్గరగా చూశాను. తిరుగు ప్రయాణంలో హ్యూస్టన్ చెకిన్ లైన్‌లో నా ముందు ఒక పెద్దాయన, వెంట మనిషి పొడవున్న గట్టి ప్లాస్టిక్ పెట్టె, దానికి నాలుగు తాళాలు. కౌంటర్ దగ్గర ఆయన అన్న మొదటి మాట, నా దగ్గర తుపాకీ ఉంది అని కాదు, "డిక్లేర్ చెయ్యాల్సిన ఫైర్‌ఆర్మ్ ఉంది" అని. రెండూ ఒకటే కదా అనుకోవద్దు, ఎయిర్‌పోర్టులో మొదటి మాట చెవిన పడితే చుట్టూ ఉన్నవాళ్లు హడలిపోతారు. అమ్మాయి ఒక నారింజ రంగు కార్డు ఇచ్చింది, తుపాకీలో తూటా లేదని ఆయన సంతకం పెట్టి ఆ కార్డు పెట్టె లోపల తుపాకీ పక్కన పెట్టి మళ్లీ నాలుగు తాళాలూ వేశాడు. తాళంచెవులు ఆయన జేబులోనే. మామూలు సూట్‌కేసులకి టీఎస్‌ఏ వాళ్లు, అంటే అక్కడి ఎయిర్‌పోర్టుల్లో తనిఖీ చేసేవాళ్లు, తెరవగలిగే తాళం వేయమంటారు, తుపాకీ పెట్టె తాళంచెవి మాత్రం యజమాని దగ్గరే ఉండాలి. తూటాలు జేబులో, సంచీలో విడిగా ఉండకూడదు, గూళ్లున్న డబ్బాలో సర్దాలి. అంతర్జాతీయ విమానాల్లో డబ్బా బరువుతో కలిపి మనిషికి 5 కిలోలు, భార్యది నాది కలిపి 10 అంటే కుదరదు. ఇవి విమానాల నిబంధనలు మాత్రమే, దిగే దేశం అనుమతి వేరు, మధ్యలో దిగే దేశం అనుమతి వేరు. అందుకే నా సలహా, మూడు రోజుల వేటకి ఇక్కడి నుంచి తుపాకీ ఆలోచన మానుకోండి. అక్కడ మనవాళ్లది ఉంటుంది, లేదా రాంచ్ వాళ్లే అద్దెకిస్తారు.

వేట ఎలా జరిగిందని అడిగేవాళ్ల కోసం కొంచెం. హ్యూస్టన్ నుంచి కారులో దాదాపు నాలుగు గంటలు, నైరుతి వైపు. రెండు రోజులు ఏమీ కొట్టలేదు. రెండో రోజు పొద్దున మంచు విడుతుండగా ముళ్లపొదల మధ్య నుంచి మనుబోతు ఒకటి బయటికొచ్చి మాకు ఎనభై గజాల్లో నిలబడింది. నీలం బూడిద కలిసిన ఒళ్లు, మెడ కింద వెంట్రుకల కుచ్చు. మన జంతుప్రదర్శనశాలలో కంచె వెనక చూసిన జంతువుని అంత దూరదేశంలో కంచె లేకుండా చూస్తుంటే నాకు గొంతు పూడుకుపోయింది. అది వెళ్లిపోయేదాకా బావ గానీ నేను గానీ నోరు విప్పలేదు. మూడో రోజు సాయంత్రం పందుల గుంపు వచ్చింది, ఒక్కటి కొట్టాను, ఒక్క తూటాతో పడింది. దాన్ని అక్కడే కోసి మాంసం ఐస్ పెట్టెల్లో సర్దుకున్నాం, అక్క పులుసు పెట్టింది. కాల్చిన వెంటనే బావ నేల మీద పడిన ఆ తూటా ఖాళీ ఇత్తడి గొట్టం తీసి, ఇంకా వెచ్చగా ఉన్నదాన్ని నా అరచేతిలో పెట్టి "మొదటిది కదరా, ఉంచుకో" అన్నారు. జాకెట్ జేబులో వేసుకున్నాను.

బయల్దేరే ముందు రాత్రి సూట్‌కేసులు దాదాపు మూసేశాను. అక్క వచ్చి "ఏదీ, ఆ జేబులన్నీ ఒకసారి దులుపు" అంది. దులిపానులే అన్నాను. ఆవిడ వినలేదు. వంటింట్లోంచి పెద్ద స్టీలు పళ్లెం తెచ్చి మంచం మీద పెట్టి, ప్రతి చొక్కా, ప్రతి ప్యాంటు తలకిందులు చేసి దాని మీద దులపడం మొదలుపెట్టింది. గడ్డిగింజలు, మట్టి, చూయింగ్ గమ్ కాగితం, ఆ ఇత్తడి గొట్టం. అది నాకు తెలిసిందే, గుర్తుగా తెచ్చుకుందామనే అనుకున్నాను. ఆ తర్వాత అక్క నా హ్యాండ్ బ్యాగ్ ఎత్తింది. అది నాది కాదు, మా మేనల్లుడు రేంజ్‌కి తీసుకెళ్లే బ్యాగు, నా బ్యాగు జిప్ పాడైతే తీసుకున్నాను. పక్క అరలో చెయ్యి పెట్టి, లోపల ఇంకో చిన్న అర ఉంటే అందులోకి వేళ్లు దూర్చి, బ్యాగు తిరగేసింది. పళ్లెంలో టంగుమని పడింది. పాయింట్ 22 సైజు తూటా ఒకటి, కాల్చనిది, కొత్త పైసలా మెరుస్తోంది.

అది ఆ అరలోనే ఉండిపోయి హ్యూస్టన్ ఎయిర్‌పోర్టులో బయటపడితే జరిమానా పడి ఉండొచ్చు. అక్కడ దాటిపోయి శంషాబాద్‌లో స్కానర్ మీద కనపడి ఉంటే 1959 ఆయుధాల చట్టం కింద కేసు. చట్టంలో ఒక్క తూటా అయినా తూటాయే, ఖాళీ గొట్టం కూడా తూటాలో భాగం కిందికి రావచ్చు, గుర్తుగా తెచ్చుకున్నాను అంటే వినేవాళ్లుండరు. తెలియకుండా బ్యాగులో ఉండిపోయిన ఒక్క తూటాకి, తెలిసి దగ్గర పెట్టుకున్నట్టు కాదని కోర్టులు కేసులు కొట్టేసిన సందర్భాలు ఉన్నాయి. కానీ అక్కడిదాకా రావాలంటే ముందు పోలీస్ స్టేషన్, తర్వాత లాయరు, తర్వాత హైకోర్టు. ఇంటికి వెళ్లే రైలు తప్పిపోతుంది, పాస్‌పోర్టు చిక్కుల్లో పడుతుంది. అక్క మంచం మీద అలాగే కూర్చుండిపోయింది, మేనల్లుడు తలుపు దగ్గర నిలబడి "సారీ మామయ్యా" అని రెండుసార్లు అన్నాడు. వాడి తప్పేం లేదు. అరువు బ్యాగులో వెళ్లేది నేను, చూసుకోవాల్సింది నేను. తుపాకుల దగ్గర ఒక్కసారైనా తిరిగిన బ్యాగుని విమానంలోకి తీసుకెళ్లకండి. ఎంత దులిపినా సరే, కొత్తది కొనుక్కోండి, ముప్ఫై డాలర్లతో పోతుంది. నేను ఆ రాత్రే వెళ్లి కొన్నాను. ఇత్తడి గొట్టం కూడా తెచ్చుకోలేదు, అది ఇప్పుడు బావ వంటింటి కిటికీ గట్టు మీద ఉంది.

ఇంకా వదిలేసినవి ఉన్నాయి. రాంచ్‌లో సెల్ సిగ్నల్ ఉండదని బావ నాకొక గార్మిన్ ఇన్‌రీచ్ ఇచ్చారు, శాటిలైట్ మీద మెసేజ్ పంపే చిన్న పరికరం, వచ్చేటప్పుడు నీకే ఉంచుకో అన్నారు. మన దేశంలోకి టెలికాం శాఖ అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్లు, అలాంటి పరికరాలు తేకూడదు. తెలియక తెచ్చిన విదేశీ ట్రెక్కర్లని మన ఎయిర్‌పోర్టుల్లో ఆపి కేసులు పెట్టారు. దండం పెట్టి తిరిగిచ్చేశాను. రాత్రి చూసే థర్మల్ స్కోపులు, తుపాకీకి బిగించే స్కోపులు చవగ్గా ఉన్నాయని కొనకండి, వాటిని అమెరికా నుంచి బయటికి తేవడానికి వాళ్ల ఎగుమతి నియమాలే అడ్డం. ఎండబెట్టిన మాంసం ప్యాకెట్లు, మాంసం ఉత్పత్తులు మన దగ్గరికి తేవాలంటే పశుసంవర్ధక శాఖ పర్మిట్ కావాలి, అది మనకి అయ్యే పని కాదు.

కొమ్ముల దగ్గర నాకు కష్టం కలిగింది, దాచను. రాంచ్ యజమాని చుక్కల దుప్పి కొమ్ముల జత ఒకటి ఇచ్చాడు, దుప్పి తనంతట తాను రాల్చేసుకున్నవి, చెట్టు కింద దొరికాయట. ఎవరూ చంపలేదు, ఎవరి పాపమూ లేదు. మా తాతగారి ఇంటి వసారాలో అలాంటివే ఉండేవి, వాటికి తువ్వాలు తగిలించేవారు. చేత్తో పట్టుకుంటే ఆ గరుకుతనం చిన్నప్పటిదే. కానీ టెక్సాస్ దుప్పి, మన కంబాలకొండ దుప్పి ఒకే జంతువు. ఆ కొమ్ము ఎక్కడిదో చూసి చెప్పడం ఏ కస్టమ్స్ ఆఫీసర్‌కీ కుదరదు, మన చట్టం ప్రకారం దుప్పి కొమ్ము దగ్గర ఉండటమే నేరం. అలా రానివ్వకపోవడం మంచిదే. టెక్సాస్‌దని చెప్పి కొమ్ములు రానిస్తే, రేపు మన కొండల్లో చంపిన దుప్పి కొమ్ములకి కూడా టెక్సాస్ పేరే చెప్తారు. చర్మం, కోరలు, గోళ్లు, కొమ్ముతో చేసిన కత్తి పిడి, తాళంచెవుల గుత్తి, అన్నిటికీ ఇదే వర్తిస్తుంది. ఫొటో తీసుకుని, వెనక్కి ఇచ్చేశాను.

హ్యూస్టన్ సెక్యూరిటీలో ఇంకో అరగంట పట్టింది. చేతులకి చిన్న గుడ్డముక్క రుద్ది మిషన్‌లో పెడతారు, పేలుడు పదార్థాల ఆనవాళ్లు పట్టడానికి. నాది కూసింది. వేసుకున్నది వేటలో వేసుకున్న జాకెట్టే, ఉతకలేదు, మందుగుండు పొడి దాని చేతుల మీద ఉండిపోయి ఉంటుంది. గదిలోకి తీసుకెళ్లి తడిమి, బ్యాగు మొత్తం విప్పి చూశారు. లైసెన్స్ కాగితం చూపించి వేటకి వెళ్లొచ్చానని చెప్పాను, మర్యాదగానే వదిలారు. ఆ కొత్త బ్యాగులో ఏమీ లేదని నాకు తెలుసు కాబట్టి నిలబడగలిగాను, నిన్న రాత్రి పళ్లెంలో పడిన చప్పుడు మాత్రం ఆ అరగంటా చెవిలోనే ఉంది. వేట బట్టలు అక్కడే ఉతికి, వేరే బట్టల్లో విమానం ఎక్కండి. బూట్లు తిరిగొచ్చేటప్పుడు కూడా కడగండి.

శంషాబాద్‌లో గ్రీన్ ఛానెల్‌లోంచి, అంటే కస్టమ్స్‌కి చెప్పాల్సింది ఏమీ లేనివాళ్ల దారిలోంచి, రెండు నిమిషాల్లో బయటపడ్డాను. పొద్దున గోదావరి విశాఖలో దిగేసరికి అమ్మ ఆటో మాట్లాడుకుని స్టేషన్‌కి వచ్చేసింది, బ్యాగులు చూసి "ఏం తెచ్చావురా" అంది. బైనాక్యులర్స్ తీసి మెడలో వేశాను. ఇప్పుడు డాబా మీద కూర్చుని కైలాసగిరి వైపు చూస్తుంటుంది.

గాజువాకలో మా స్నేహితుడొకడు వచ్చే నెల డాలస్‌లో కూతురి దగ్గరికి వెళ్తున్నాడు, అల్లుడు రాంచ్‌కి తీసుకెళ్తానన్నాడట. ఆదివారం వాళ్లింటికి వెళ్లి బ్యాగు సర్దిపెడతానని చెప్పాను. చేతి త్రాసు, ఇన్సులేషన్ టేప్ నేనే పట్టుకెళ్తున్నాను, వాణ్ని పెద్ద స్టీలు పళ్లెం ఒకటి తీసి పెట్టమన్నాను.